గురువారం అన్నం

ఫిబ్రవరి 11

చిన్నోడికి,

కవరు మీద నా దస్తూరీ చూసి గుండె దడదడలాడి ఉంటుంది. ఆడనీ. ఇరవై మూడేళ్ళ తర్వాత రాస్తున్నాను, రాజీ కోసం కాదు. మీ వదినని సాగనంపిన రోజు శ్మశానం గేటు దగ్గర గొడుగు పట్టుకుని నిలబడ్డావు. చూశాను. లోపలికి రాలేదు, మంచిపని చేశావు. వచ్చుంటే నలుగురిలో నోరు జారేవాణ్ణి.

పని మాట్లాడతాను. నాకు అచ్చుతప్పులు పట్టడం తెలుసు, వంటలో తప్పు పట్టుకోవడం తెలియదు. నువ్వు బస్సు డిపో క్యాంటీన్ నడిపిన వంటవాడివి.

మీ వదిన ప్రతి గురువారం ఒక అన్నం పెట్టేది. నీకు తెలిసే అవకాశం లేదు, నువ్వు నా గుమ్మం దిగాకే అది మొదలైంది. చేపముక్క పక్కనో ఉడికించిన గుడ్డు పక్కనో ఇంత. చూడ్డానికి ఏమీ ఉండదు. తెల్లటి అన్నం, అక్కడక్కడ వేగిన ఉల్లి, వెల్లుల్లి. కానీ మెతుక్కి మెతుకు అంటేది కాదు. గురువారం మా వారపత్రిక అచ్చుకెళ్ళే రోజు. కళ్ళు మండిపోతూ దీపాల వేళకి ఇల్లు చేరేవాణ్ణి. పక్కన తినాల్సినదాన్ని ముందు తినేసి, చేప సంగతే మర్చిపోయేవాణ్ణి. రిటైరయ్యాక కూడా ఆ అలవాటు పోలేదు. గురువారం గ్రంథాలయానికి కొత్త పత్రికలొస్తాయి. వాటిలో తప్పులు ఏరుకోవడమే ఈ వయసులో నాకు మిగిలిన వేడుక. సాయంత్రం ఇంటికొస్తే అదే అన్నం. ఆవిడ మంచాన పడ్డ ఏడాది అది లేదు. ఇప్పుడు ఆవిడే లేదు.

ఆవిడ వంటల నోటుబుక్కు దొరికింది. ఉన్నది ఉన్నట్టు ఎత్తి రాస్తున్నాను:

"బియ్యం రెండు గ్లాసులు, ఒకసారి కడగాలి. నిమ్మకాయంత వెన్నలో ఉల్లిపాయ, ఎనిమిది వెల్లుల్లి రెబ్బలు వేగాక బియ్యం. ఐదు గ్లాసుల నీళ్ళు, రెండు చెంచాల ఉప్పు. మధ్యమధ్య మూత తీసి చూసి కలపాలి. అడుగు కొంచెం ఎర్రబడితే నాకు ఇష్టం."

అంచులో నా ఎర్రసిరా కూడా ఉంది: "ముద్ద. ఉప్పెక్కువ. అడుగంటింది. మళ్ళీ చెయ్యి." నేను అలా దిద్దిన తర్వాతే ఆవిడ చెయ్యి తిరిగింది. తిరిగిన చేతి కొలతలు మాత్రం ఎక్కడా రాసిపెట్టలేదు.

ఏడుసార్లు చేశాను. ఏడుసార్లూ ముద్దే. నోట్లో పెడితే ఉప్పుకషాయం, గిన్నె అడుగున ఎర్రటి పెచ్చు. ఏడుసార్లూ చెత్తబుట్టలో పోశాను. తప్పు ఎక్కడుందో రాయి. రెండు వాక్యాలు చాలు. మీ అమ్మాయి ఉద్యోగం, సముద్రపు గాలి వగైరా అక్కర్లేదు. ఫోన్ చెయ్యకు. ఫోన్లో అన్న మాట తర్వాత అనలేదంటారు. కాగితం మీద కుదరదు.

అన్న


ఫిబ్రవరి 19

అన్నయ్యా,

రెండు వాక్యాల్లో చెప్పడానికి నీ అంత చదువు నాకెక్కడిది? కవరు మా అమ్మాయి తెచ్చింది, ఆస్పత్రి డ్యూటీ దిగి వస్తూ. "నాన్నా, ఇదెవరో గాని, మన వీధి పేరు కింద గీత గీసి మరీ రాశారు" అంది. నువ్వేనని అప్పుడే తెలిసింది. చాలాసేపు చింపలేదు. ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

వదిన సంగతి ఏం రాయను. రాస్తే తప్పులు దొర్లుతాయి.

అన్నం సంగతి. బియ్యం ఒకసారి కాదు, నీళ్ళు తేటపడేదాకా కడుగు. ఐదారుసార్లు పడుతుంది. బట్ట మీద అరగంట ఆరబెట్టు. వెన్న కరిగాక ఉల్లిపాయ సన్నగా తరిగి దోరగా వేయించు. వెల్లుల్లి తరగొద్దు, పొట్టుతోనే చితక్కొట్టి వెయ్యి. తర్వాత బియ్యం. గరిటె తిప్పుతుంటే గింజలు గలగలమంటాయి. అప్పటిదాకా ఓపికపట్టు. గ్లాసుకి గ్లాసున్నర చొప్పున మూడు గ్లాసులు, బాగా కాగిన నీళ్ళు. చన్నీళ్ళు పోశావో పాడైపోయినట్టే. ఉప్పు చెంచా, అంతే. సన్నమంట. మూత కింద బట్ట పెట్టు, చెమట మళ్ళీ అన్నంలో పడకుండా. నీళ్ళు ఇంకాక మంటాపి పది నిమిషాలు వదిలెయ్యి.

మూత తియ్యకు అన్నయ్యా. చేతులు కట్టుకుని కూర్చో. అన్నం కూడా మనిషిలాంటిదే, ఉడుకుతున్నప్పుడు గెలికితే ముద్దయిపోతుంది.

ఆఖర్న నిమ్మతొక్క గోరంత తురిమి చల్లు. పైపైన పసుప్పచ్చది మాత్రమే. తెల్లది తగిలితే చేదు. అది పడితేనే నువ్వు చెప్పే ఆ రుచి.

ఒక్కడివే తినకు. పక్కింటివాళ్ళకైనా కాస్త పెట్టు.

నీ తమ్ముడు


మార్చి 2

చిన్నోడా,

అన్నం కుదిరింది. అదే రంగు, అదే పొడి, అదే వాసన. ఒక ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నాను. తెరిచాక నీ ఉత్తరం మళ్ళీ చదివాను. నేను దేన్నైనా రెండుసార్లు చదువుతాను, నీకు తెలుసు.

నిమ్మతొక్క సంగతి నేనెక్కడ రాశాను? నోటుబుక్కులో లేదు. నా ఉత్తరంలో లేదు. ఇరవై రెండేళ్ళు ఆ అన్నం తిన్న నాకే తెలియదు, అందులో ఏదో పుల్లటి వాసన ఉందని తప్ప. నువ్వు చివరిసారి నా ఇంట్లో తిన్నాక మూడు నెలలకి కదా అది మొదలైంది? "అది పడితేనే నువ్వు చెప్పే ఆ రుచి" అన్నావు. ఆ రుచి నీకెవరు చూపించారు?

గ్రంథాలయంలో నా ఎదుటి కుర్చీలో ఒక రిటైర్డు కండక్టరు కూర్చుంటాడు. పేపరు చదవడం కంటే దాని చాటున నిద్రే ఎక్కువ. లేపి అడిగాను, మీ బస్సు డిపో క్యాంటీన్‌లో ఏం పెట్టేవారని. నిద్రమొహంలో ఎంత వెలుగొచ్చిందనుకున్నావు! "గురువారం వెల్లుల్లన్నం సార్! దానికోసం సెలవు పెట్టినవాడు కూడా యూనిఫాం వేసుకుని వచ్చేసేవాడు" అన్నాడు.

ఇంటికొచ్చి అటక మీది సామాను దింపాను. ఒక స్టీలు డబ్బా దొరికింది. అడుగున మేకుతో గీసిన అంకె, 14. మన ఇంట్లో గిన్నెలకి నంబర్లుండవు. క్యాంటీన్లలో ఉంటాయి.

నాకంతా అర్థమైంది. తన చేతి వంట, నాకోసం కనిపెట్టినది, నాకు ద్రోహం చేసినవాడికి నేర్పింది. నువ్వు దాన్ని పట్టుకెళ్ళి ఊరందరి కంచాల్లో వడ్డించావు.

ద్రోహం అన్నానని గింజుకోకు. బతికున్న పురపాలక సంఘం అధ్యక్షుడి ఫొటో సంతాపం పేజీలో పడ్డ వారం, మేనేజరు అందర్నీ నిలబెట్టి ఆ పేజీ ఎవరు చూసి పంపారని అడిగితే, పదకొండు మంది నేల చూశారు. నువ్వొక్కడివే నోరు తెరిచావు. "మా అన్నయ్య సంతకం ఉంది సార్" అని. నేను చెయ్యి పట్టుకుని ప్రెస్సులో కంపోజిటరుగా చేర్పించిన తమ్ముడు! హెడ్ ప్రూఫ్ రీడర్ కుర్చీ ఆ సాయంత్రమే ఇంకొకడి కిందికి పోయింది. నీ చేతి మెతుకు ఈ జన్మకి ముట్టనని ఆ రోజు గుమ్మంలో నిలబడి అన్నాను. మాట నిలబెట్టుకున్నాను.

నువ్వూ ప్రెస్సులో పనిచేశావు. దిద్దినవాడే పొరపాటున దిద్దితే ఏం చేస్తాం? కొట్టేసిన మాట కింద చుక్కలు పెడతాం. దిద్దుబాటు చెల్లదు, ముందున్నదే ఉంచమని. ముప్పై ఎనిమిదేళ్ళ ఉద్యోగంలో నేను చుక్కలు పెట్టింది నాలుగే నాలుగుసార్లు. నీ విషయంలో ఐదోసారి పెడతానని ఆశపడకు.

ఆవిడ ఎప్పుడు నేర్పింది, ఎందుకు నేర్పింది, రాయి.

అన్నగా పుట్టినవాడు


మార్చి 10

అన్నయ్యా,

వదినకి మాటిచ్చాను, చెప్పనని. ఆవిడే లేనప్పుడు ఆ మాట ఎవరికోసం దాచాలో తెలియట్లేదు. ఆవిణ్ణి దొంగని చేస్తున్నావు గనక చెప్పేస్తున్నాను.

నువ్వు తిరగేసి చదివావు. ఆవిడ నాకు నేర్పలేదు. ఆ అన్నం నాది.

ప్రెస్సు మానేసి క్యాంటీన్ తెరిచిన రెండో నెలలో ఒక గురువారం నాలుగింటికి వదిన బస్సు దిగింది. సంచీలోంచి నోటుబుక్కు తీసి బల్ల మీద పెట్టింది. "చూడు చిన్నోడా, మీ అన్నయ్య నా అన్నానికి మార్కులు వేశాడు" అంది. కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "ఏడ్చావా వదినా?" అంటే, "ఉల్లిపాయలు తరిగానులే" అంది. "ఎక్కడ, బస్సులోనా?" అన్నాను. అప్పుడు నవ్వింది.

నువ్వు కుర్చీ పోయిన మనిషివి. ఆఫీసులో నీ దిద్దుబాటు ఎవరికీ అక్కర్లేకపోయింది. ఇంట్లో మొదలుపెట్టావు. పాలవాడి చీటీ దిద్దావట. పక్కింటి పిల్ల సెలవుచీటీ దిద్దావట. ఆఖరికి వదిన అన్నం.

నేర్పుదామని చూశాను. మూడు వారాలు పొయ్యి దగ్గర నిలబెట్టాను. అన్నీ బాగానే చేసేది, మూత దగ్గరికి వచ్చేసరికి ఆగలేకపోయేది. "ఏమైపోయిందో చూడొద్దూ?" అనేది. మూత తీసేది, కలిపేది, అన్నం ముద్దయ్యేది. నాలుగో వారం, "ఈ వారానికి నువ్వే పెట్టెయ్యరా" అంది. డబ్బా నింపాను. 14 నంబరుది. ఆ వారం కాస్తా ఇరవై రెండేళ్ళయింది. ఎండైనా వానైనా నాలుగింటికి ఖాళీ డబ్బాతో దిగేది, నాలుగున్నర బస్సుకి నిండు డబ్బాతో ఎక్కేది. నీకోసం ఇంటికెళ్ళి వెచ్చబెట్టేది.

నేనూ అమాయకుణ్ణేం కాదు. నా చేతి మెతుకు ముట్టనన్నవాడు వారం వారం నా చేతి అన్నం తింటున్నాడని మొదట్లో లోపల్లోపల నవ్వుకున్నాను. తర్వాత నవ్వు పోయింది. వదిన రాగానే ముందు ఒకటే అడిగేవాణ్ణి: "పోయిన వారం ఏమన్నాడు?" ఆవిడ చెప్పేది. "గిన్నె గోకి మరీ తిన్నాడు." "మూడోసారి వడ్డించుకున్నాడు." "ఈ చేతికి బంగారు కడియం తొడగాలన్నాడు." అదీ నీతో నాకు మిగిలిన చుట్టరికం. దాంతోనే సరిపెట్టుకున్నాను.

చెప్పెయ్యమని చాలాసార్లు అన్నాను. "చెబితే నీ అన్నం మానేస్తాడు, నా మొహం చూడ్డం మానేస్తాడు. నాకున్నది మీరిద్దరే" అనేది.

ఫొటో పేజీ సంగతి. ఆ పేజీ మీద సంతకం నీదే కదన్నయ్యా. నేను అబద్ధం చెప్పలేదు. కానీ నేల చూసి నిలబడ్డా సరిపోయేదని ఇరవై మూడేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

నీ తమ్ముడు


మార్చి 14

నీకు,

సంబోధన వెతకడానికి సమయం లేదు.

నా జీవితంలో వెయ్యి నవలలకి తక్కువ చదవలేదు. అందులో మోసపోయిన మొగుళ్ళందరికీ ఒక గౌరవం ఉంది. ఉత్తరం దొరుకుతుంది, ఉంగరం దొరుకుతుంది, తుపాకీ దొరుకుతుంది. నాకు స్టీలు డబ్బా దొరికింది.

నీకు తెలియనిది ఒకటి చెబుతాను. కడియం మాట అన్న రోజు ఆవిడ చెయ్యి పట్టుకున్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళకి పట్టుకోవడమే ఎక్కువ. కళ్ళకి అద్దుకోబోతే వెనక్కి లాక్కుంది. సిగ్గనుకున్నాను. ముసలాళ్ళయ్యాక కూడా సిగ్గు పోలేదని మురిసిపోయి వారం రోజులు తలుచుకున్నాను. ఇప్పుడు తెలుస్తోంది, అద్దుకోబోయింది నీ చేతినని. మీరిద్దరూ నా దగ్గర అన్నం ఒక్క విషయంలోనే అబద్ధమాడి ఉంటే పోనీ అనుకునేవాణ్ణి. నా ముద్దునీ మురిపాన్నీ మీ చిరునామాకి మళ్ళించుకున్నారు.

నీకు వారం వారం నా మెప్పు అందింది. నాకేం అందింది? ఒకడి మీద పగతో బతకడానికి చాలా కష్టపడాలి చిన్నోడా. వండినవాడి మీద పగబట్టి వాడి అన్నమే మూడోసారి వడ్డించుకుని తిన్న వెర్రివాడు ఈ లోకంలో నేనొక్కణ్ణే. మీరిద్దరూ బల్ల దగ్గర కూర్చుని నవ్వుకుని ఉంటారు.

ఆవిడ పోయాక నాకు మిగిలింది ఆ రుచి ఒక్కటే. ఫొటోల్లో ఆవిడ సరిగ్గా పడేది కాదు, ఎప్పుడూ కదిలేది. చీరలు వాళ్ళ అక్కకి ఇచ్చేశాను. రుచి ఉంది కదా అనుకున్నాను. ఏడుసార్లు పొయ్యి దగ్గర నిలబడింది అందుకు. అదీ నీదేనన్నావు. ఇంక ఈ ఇంట్లో ఆవిడది ఏముంది?

డబ్బా పార్సిలు చేస్తున్నాను. ఇంక ఉత్తరాలొద్దు.


మార్చి 27

అన్నయ్యా,

ఉత్తరాలొద్దన్నావు. ఇదొక్కటి చదివి చించెయ్యి. డబ్బా ఇంకా రాలేదు.

మేం నవ్వుకోలేదు. ఆ అరగంటలో సగం ఆవిడ బస్సు ఎక్కడుందో చూసుకోవడానికే సరిపోయేది.

ఈ ఇంట్లో ఆవిడది ఏముందని అడిగావు. నీ మొదటి ఉత్తరం బయటికి తీశాను. నీలాగే రెండోసారి చదివాను. ఆ నోటుబుక్కులో ఉన్నది నా అన్నం కాదన్నయ్యా. నా అన్నాన్ని ఆవిడ ఎప్పుడూ రాసుకోలేదు. "రాసుకో వదినా" అంటే, "నా పుస్తకంలో నా అన్నం ఉందిలే" అనేది.

ముద్దగా, ఉప్పగా, అడుగు ఎర్రగా. నువ్వు ఏడుసార్లు వండావే, అదీ ఆవిడది. ఎక్కడా తప్పు చెయ్యలేదు నువ్వు. అచ్చం అలాగే ఉండేది. నీ దిద్దుబాటు తర్వాత కూడా మానలేదు. నువ్వు ప్రెస్సుకెళ్ళాక మధ్యాహ్నం తనొక్కతికీ గుప్పెడు వండుకుని, గిన్నెలోనే తినేసి, గిన్నె తోమి బోర్లించేసేదట. ఒకసారి నాకూ టిఫిన్ డబ్బాలో తెచ్చి పెట్టింది. "నీ అన్నం బాగుంటుంది చిన్నోడా. కానీ నాకు నాదే ఇష్టం. అడుగు పెచ్చు మీ అన్నదమ్ములకి తెలియదు" అంది.

నువ్వు చెత్తబుట్టలో పోసింది అది.

నిన్ను బాధపెట్టాలని రాయలేదు. నువ్వు తప్పెక్కడుందని అడిగావు గనక రాశాను.

చిన్నోడు


ఏప్రిల్ 9

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చి వారమైంది. నాలుగు రోజులు వంటింట్లోకి వెళ్ళలేదు. రొట్టె, అరటిపండు. ఐదో రోజు వెళ్ళాను.

నోటుబుక్కు పొయ్యి పక్కన తెరిచి పెట్టుకున్నాను. బియ్యం ఒక్కసారే కడిగాను. ఐదు గ్లాసుల నీళ్ళు పోశాను. రెండో చెంచా ఉప్పు దగ్గర చెయ్యి ఆగింది, వేసేశాను. ఇదివరకు ఏడుసార్లూ పుస్తకంలో ఉంది గనక కలిపాను, పళ్ళు కొరుక్కుంటూ. ఈసారి మూత తీసినప్పుడల్లా ఆవిరి మొహానికి కొట్టింది. చిత్రమేమిటంటే, ఒకసారి తీశాక నాకూ ఆగబుద్ధి కాలేదు. ఏమైపోయిందో చూడొద్దూ? అవసరం లేకపోయినా ఆరుసార్లు తీశాను.

ముద్దయింది. ఉప్పగా ఉంది. కంచంలో పెట్టుకోలేదు, గిన్నెలోనే తిన్నాను. అడుగు పెచ్చు గరిటెతో రాలేదు. చెంచా బోర్లించి గీకాల్సి వచ్చింది. పంటికింద కరకరలాడింది. బాగుందా అని అడగకు. బాగోలేదు. ముప్పావు గిన్నె తిన్నాను. ఉప్పుకి మూడు గ్లాసుల మంచినీళ్ళు తాగాను.

ఆ రోజుల్లో, నేను ప్రెస్సు నుంచి వచ్చేసరికే గిన్నె తోమి బోర్లించి ఉండేది. రోజూ అంత పెందలాడే ఏం తోముతావని కసిరాను కూడా. ఆవిడ మధ్యాహ్నాలు నాకు తెలియవు. నీకు తెలుసు. దాన్ని క్షమించడం నావల్ల కాదు. నిన్నూ క్షమించలేదు, ఆవిణ్ణీ క్షమించలేదు. కుర్చీ సంగతి విడిగా ఉంది, దాన్నీ వదల్లేదు. సంతకం నాదే. అది నాకూ తెలుసు. నువ్వు చెప్పాల్సింది కాదు.

తిన్నాక నోటుబుక్కు ముందు కూర్చున్నాను. నా ఎర్రసిరాని చెరిపేద్దామని గోటితో గీకితే కాగితం లేచింది. ఆపేశాను. కలం తీసి, "బియ్యం రెండు గ్లాసులు" దగ్గర మొదలుపెట్టి "నాకు ఇష్టం" దాకా, ఒక్క మాట వదలకుండా, ప్రతి మాట కిందా చుక్కలు పెట్టాను. ఐదోసారి. నీ విషయంలో కాదు.

డబ్బా పంపలేదు. పార్సిలు కట్టాను, పోస్టాఫీసు దాకా వెళ్ళాను, తెచ్చేసుకున్నాను. అది నీ క్యాంటీన్ సొత్తు, ఆవిడ సొత్తు కాదు. కావాలంటే నువ్వే వచ్చి పట్టుకెళ్ళు. గురువారం రాకు, గ్రంథాలయంలో ఉంటాను.

వచ్చేటప్పుడు తినేసి రా. ఈ ఇంట్లో అన్నం ముద్దగా ఉంటుంది. మూత తియ్యొద్దన్నావంటే ఊరుకోను.

అన్నయ్య